ఆఫ్‌లైన్ మ్యాప్ నత్తనడక నడుస్తుంటే ఏం చేయాలి

ఆఫ్‌లైన్ మ్యాప్ స్లో అయిందనగానే చాలామంది చేసే మొదటి పని యాప్ తీసేసి మళ్లీ ఎక్కించడం. దయచేసి ఆ పని ఆఖరికి పెట్టుకోండి. యాప్ తీసేస్తే దాంతోపాటు డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపులన్నీ పోతాయి, సేవ్ చేసుకున్న చోట్లు, రికార్డు చేసిన దారులు కూడా చాలాసార్లు పోతాయి, వాటిని మళ్లీ దింపుకోవాలంటే మంచి నెట్ కావాలి, నెట్ లేని చోట పనికొస్తుందనే కదా అసలు ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకున్నాం. పైగా కారణం యాప్‌లో కాకుండా ఇంకెక్కడో ఉంటే ఇంత తతంగం చేశాక కూడా మళ్లీ మొదటికే వస్తుంది.

స్లో అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు ఇబ్బందులు కలిసిపోతాయి. వేలితో జరుపుతుంటే మ్యాప్ ముక్కలు ముక్కలుగా రావడం ఒకటి. మ్యాప్ బాగానే కనిపిస్తున్నా, మీరున్న చోటు చూపించే నీలం చుక్క ఎంతకీ రాకపోవడం, వచ్చినా మీకంటే వెనకబడి నడవడం రెండోది. రూట్ అడిగితే లెక్కేస్తూనే ఉండిపోవడం మూడోది. పేరు కొట్టి వెతికితే ఫలితాలు రాకపోవడం నాలుగోది. ఈ నాలుగింటికీ కారణాలు వేరు. నీలం చుక్క రాని ఫోన్‌లో కాష్, అంటే యాప్ తాత్కాలికంగా దాచుకునే సమాచారం, ఎన్నిసార్లు క్లియర్ చేసినా చుక్క రాదు, ఎందుకంటే అక్కడ తప్పు కాష్‌ది కాదు.

కాబట్టి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఆకాశం కనిపించే చోట నిలబడి ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లొకేషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. యాప్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. మీరు డౌన్‌లోడ్ చేసుకున్న ప్రాంతంలోనే మ్యాప్‌ని అటూ ఇటూ జరపండి, దగ్గరికి లాగండి, దూరానికి పంపండి. తర్వాత నీలం చుక్క ఎంతసేపటికి వస్తుందో చూడండి. తర్వాత దగ్గర్లోని ఒక చోటుకి రూట్ అడగండి, ఆ తర్వాత దూరంగా ఉన్న ఊరికి అడగండి. చివరిగా ఏదో ఒక వీధి పేరు వెతకండి. ఎక్కడ ఆగిపోయిందో ఇప్పుడు మీకే తెలిసిపోతుంది. కింద దానికి సంబంధించిన భాగం మాత్రం చదివి మిగతావి వదిలేసినా ఫర్వాలేదు.

ఒకవేళ ఫ్లైట్ మోడ్‌లో అన్నీ చకచకా నడిచాయా? అయితే మీ ఫోన్‌కి గానీ మ్యాప్ ఫైలుకి గానీ ఏమీ కాలేదు. అది సిగ్నల్ గొడవ.

అరకొర సిగ్నల్

అసలు సిగ్నల్ లేని చోట కంటే, ఒక గీత వస్తూ పోతూ ఉండే చోట మ్యాపులు ఎక్కువ ఏడిపిస్తాయి. గూగుల్ మ్యాప్స్ లాంటి యాపులు ప్రధానంగా ఆన్‌లైన్ యాపులు. మనం ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకున్నా, నెట్ ఉందని ఫోన్ చెబితే చాలు, ట్రాఫిక్ సమాచారం కోసం, వెతికిన పేరు కోసం ముందు సర్వర్‌ని అడుగుతాయి. జవాబు రాదు, అలాగని కనెక్షన్ పూర్తిగా తెగిపోయిందని కూడా ఫోన్ చెప్పదు. దాంతో యాప్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మన కంటికి అది మ్యాప్ స్లో అయినట్టు కనిపిస్తుంది.

దీనికి మందు చాలా తేలిక, మొబైల్ డేటా ఆపేయండి. ఫ్లైట్ మోడ్ పెడితే ఫోన్ కాల్స్ కూడా రావు కాబట్టి ప్రయాణంలో డేటా ఒక్కటి ఆపడమే మేలు. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా దగ్గరికి వెళ్లి ఆ ఒక్క యాప్‌కే డేటా ఆపేయొచ్చు. యాపిల్ మ్యాప్స్‌లో ఐఓఎస్ 17 నుంచి ఆఫ్‌లైన్ మ్యాపులు వచ్చాయి, వాటి సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాపులు మాత్రమే వాడమని చెప్పే స్విచ్ కూడా ఉంది. వాడుకోండి.

ఇక్కడే ఇంకో సంగతి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌లో కారులో వెళ్లే దారి వస్తుంది గానీ నడక దారి, సైకిల్ దారి, బస్సులు రైళ్ల వివరాలు రావు. ట్రాఫిక్ కూడా రాదు. నడక దారి అడిగి అది తిరుగుతూనే ఉంటే ఎంతసేపు చూసినా లాభం లేదు. నడకకి, ట్రెక్కింగ్‌కి మొదటి నుంచీ ఆఫ్‌లైన్ కోసమే తయారైన యాపులు వేరే ఉన్నాయి. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ అలాంటివి. ఇవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ సమాచారం మీద నడుస్తాయి, రూట్ లెక్క ఫోన్‌లోనే చేసుకుంటాయి. అలాగే గూగుల్‌లో దింపుకున్న మ్యాపులకి గడువు ఉంటుందని మర్చిపోకండి. గడువు 15 రోజుల్లోకి వచ్చాక, వైఫై దొరికితే యాప్ తనంతట తాను అప్‌డేట్ చేసుకోవడానికి చూస్తుంది. చాలాకాలం వైఫై తగలని ఫోన్‌లో ఆ మ్యాప్ గడువు దాటిపోయి ఉండొచ్చు, అప్పుడు అది స్లో కాదు, అసలు లేనట్టే. బయల్దేరే ముందు ఆఫ్‌లైన్ మ్యాపుల జాబితా తెరిచి గడువు తేదీ ఒకసారి చూసుకోండి.

నీలం చుక్క రాకపోతే

ఇది మ్యాప్ తప్పు కానే కాదు, కానీ తిట్లు మాత్రం మ్యాప్ యాపే తింటుంది. కారణం అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఫోన్ వాటికి ఏమీ పంపదు, అవి చెప్పేది వింటుంది, అంతే. అందుకే ఫ్లైట్ మోడ్‌లో కూడా ఇప్పటి ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది. అయితే తాను ఎక్కడుందో లెక్కేయాలంటే ఒక్కో ఉపగ్రహం సరిగ్గా ఏ కక్ష్యలో ఉందో ఫోన్‌కి ముందు తెలియాలి. ఆ వివరాలు ఉపగ్రహమే పంపుతుంది, కానీ సెకనుకి 50 బిట్ల వేగంతో. ఒక ఉపగ్రహం తన వివరాలను 30 సెకన్లకోసారి మళ్లీ మళ్లీ చెబుతుంది. మొత్తం ఉపగ్రహాల స్థూల జాబితా పూర్తిగా రావాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. మధ్యలో చెట్టో గోడో అడ్డొచ్చి సిగ్నల్ తెగితే ఆ ముక్క మళ్లీ వచ్చేదాకా ఆగాలి.

మామూలుగా మనకి ఈ ఆలస్యం తెలియదు, ఎందుకంటే నెట్ ఉన్నప్పుడు ఫోన్ ఈ వివరాలన్నీ నెట్ నుంచే క్షణాల్లో తెచ్చుకుంటుంది. పైగా చుట్టుపక్కల వైఫైలు, సెల్ టవర్లను బట్టి ఉజ్జాయింపు చోటు కూడా తెలుసుకుంటుంది. నెట్ లేకపోతే ఈ రెండు సాయాలూ ఉండవు. ఒక్కసారి తెచ్చుకున్న కక్ష్య వివరాలు కూడా కొన్ని గంటలే పనికొస్తాయి. అందుకే నిన్న చక్కగా పనిచేసిన ఫోన్, ఇవాళ పొద్దున్నే నెట్ లేని చోట నిద్రలేచి చూస్తే చుక్క కోసం నిమిషాల తరబడి వెతుకుతుంది.

చేయాల్సింది ఇదీ. సిగ్నల్ లేని ప్రాంతంలోకి అడుగుపెట్టే ముందే, నెట్ ఉండగానే మ్యాప్ తెరిచి చుక్క వచ్చేదాకా ఆగండి. అక్కడికి వెళ్లిపోయాక గుర్తొచ్చిందా, ఆకాశం విశాలంగా కనిపించే చోట ఫోన్‌ని కదలకుండా పట్టుకుని రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. నడుస్తూ, బండి మీద వెళ్తూ మొదటి చుక్క కోసం చూడటం కంటే ఆగి చూడటమే త్వరగా అవుతుంది. ఈలోపు యాప్ మూసి తెరవడం, లొకేషన్ ఆపి మళ్లీ వేయడం లాంటివి చేయకండి. ఫోన్ అప్పటిదాకా విన్నది వృథా అయి మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. లోహం ఉన్న ఫోన్ కవర్లు, కారు అద్దాల మీద అంటించిన లోహపు పొర ఉన్న ఫిల్ములు కూడా సిగ్నల్‌ని తగ్గిస్తాయి.

చుక్క వస్తోంది కానీ ఎక్కడో పక్క వీధిలో తేలుతోంది, గెంతుతోంది అంటే అనుమతులు చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి యాప్‌కి కచ్చితమైన లొకేషన్ ఇవ్వాలా, ఉజ్జాయింపుగా ఇస్తే చాలా అని ఫోన్ అడుగుతుంది. తొందరలో ఉజ్జాయింపు నొక్కేసి ఉంటే ఇక ఆ యాప్‌లో దారి చూసుకోవడం కుదరని పని. కచ్చితమైనది అని మార్చండి.

ఫోన్‌లో జీపీఎస్ బాగుందా లేదా అన్నది విడిగా తేల్చుకోవాలంటే ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ ఉంది. ఏ ఉపగ్రహాలు కనిపిస్తున్నాయో, వాటి సిగ్నల్ ఎంత బలంగా ఉందో చూపిస్తుంది. అందులో ఉపగ్రహాలు బాగానే కనిపించి చుక్క కూడా దొరుకుతుంటే, అప్పుడు మ్యాప్ యాప్‌ని అనుమానించండి.

మ్యాప్ గీయడమే ఆలస్యమైతే

అసలైన స్లో ఇదే, చేయడానికి ఎక్కువ అవకాశం ఉన్నదీ ఇక్కడే. ముందు మీ యాప్ ఎలాంటి మ్యాప్ వాడుతుందో తెలుసుకోండి. రెండు రకాలు ఉంటాయి. ఒకటి బొమ్మల మ్యాప్, ముందే గీసిపెట్టిన చిన్న చిన్న చదరపు బొమ్మలు, మామూలుగా ఒక్కోటి 256 పిక్సెళ్ల చదరం. ఫోన్ వాటిని తీసి పక్కపక్కన పేర్చడమే. రెండోది వెక్టర్ మ్యాప్. ఇందులో బొమ్మ ఉండదు, ఈ రోడ్డు ఇక్కడి నుంచి ఇక్కడికి, ఈ చెరువు గట్టు ఇలా, దీని పేరు ఇది అనే సమాచారం మాత్రమే ఉంటుంది. మీరు వేలితో జరిపిన ప్రతిసారీ ఫోన్ దాన్ని చదివి, రంగులేసి, పేర్లు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్ది అప్పటికప్పుడు గీస్తుంది. గూగుల్, ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ మామూలు మ్యాపులు ఈ రెండో రకం. ఫైలు చిన్నది, పని ఎక్కువ. అందుకే కిక్కిరిసిన నగరం నడిబొడ్డున జూమ్ చేస్తే ఆగి ఆగి వస్తుంది, ఖాళీ పొలాల మీద మాత్రం సాఫీగా జరుగుతుంది. మీకు నగరంలోనే స్లో, బయట బాగుంది అంటే, ఫోన్ గీయలేక అలసిపోతోందని అర్థం. ఎక్కడైనా ఒకేలా స్లో అంటే ఫైలు చదవడంలోనే ఆలస్యం జరుగుతోందని అనుమానించాలి.

గీయడంలో ఇబ్బంది ఉంటే భారం తగ్గించండి. 3డీ బిల్డింగులు ముందు ఆపండి, ఆర్గానిక్ మ్యాప్స్ సెట్టింగ్స్‌లో దానికి విడిగా స్విచ్ ఉంది. మ్యాప్‌ని వంచి చూపే 3డీ చూపు కూడా ఆపండి. అలా వంచినప్పుడు దూరం దాకా ఉన్నదంతా గీయాల్సి వస్తుంది. ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు, కొండల నీడలు, శాటిలైట్ పొర, ఇవన్నీ అవసరం ఉన్నప్పుడే వేసుకోవాల్సినవి. హోటళ్లు, ఏటీఎంలు, బంకులు అంటూ అన్ని గుర్తులనూ మ్యాప్ మీద చూపించమని పెట్టి ఉంటారు, అది తీసేయండి. వెతికినప్పుడు అవి ఎలాగూ వస్తాయి. ఓస్మాండ్‌లో ఈ పని చాలా లోతుగా చేయొచ్చు, మ్యాప్‌ని అమర్చుకునే మెనూలో ఏ వివరాలు చూపాలో ఏవి దాచాలో మనమే చెప్పొచ్చు. అదే యాప్‌లో మ్యాప్‌ని గీసే ఇంజిన్ రెండు రకాలుగా ఉంటుంది, రెండో వెర్షన్ ఫోన్‌లోని గ్రాఫిక్స్ చిప్‌ని వాడుకుంటుంది. పాతదాని మీదే ఉండిపోయి ఉంటే మార్చి చూడండి. కొన్ని పాత ఫోన్లలో మాత్రం తిరగబడి పాతదే బాగా నడవొచ్చు, రెండూ వేసి చూసుకోవడమే దారి.

మీరు దారులు రికార్డు చేసుకునే అలవాటు ఉన్నవాళ్లా? అయితే ఈ ముక్క తప్పకుండా చదవండి. సెకనుకో బిందువు చొప్పున రికార్డు చేస్తే గంటకి 3,600 బిందువులు. పది గంటల ప్రయాణం అంటే 36,000. అలాంటివి పాతవి ముప్ఫై నలభై ఒకేసారి మ్యాప్ మీద కనిపించేలా వదిలేస్తే, ప్రతిసారీ స్క్రీన్ జరిపినప్పుడు ఫోన్ ఆ బిందువులన్నిటినీ పట్టించుకోవాల్సి వస్తుంది. వాటిని తుడిచేయక్కర్లేదు, మ్యాప్ మీద కనిపించకుండా దాచేస్తే చాలు. దెబ్బకి తేడా తెలుస్తుంది. ఇకముందు రికార్డు చేసేటప్పుడు నడకకి ఐదు సెకన్లకో బిందువు పెట్టుకున్నా దారి చక్కగానే వస్తుంది.

ఇక ఫైలు చదవడం సంగతి. మ్యాప్ మెమరీ కార్డులో ఉందా, ఫోన్ సొంత స్టోరేజ్‌లో ఉందా? కార్డులో ఉంటే నేను ముందు దాన్నే అనుమానిస్తాను. కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసే వేగం చూసి మోసపోకూడదు. క్లాస్ 10 అంటే సెకనుకి కనీసం 10 ఎంబీ, యూ3 లేదా వీ30 అంటే కనీసం 30 ఎంబీ రాయగలదని, అదీ వీడియోలాగా ఒక పెద్ద ఫైలుని వరసగా రాసేటప్పుడు. మ్యాప్ యాప్ చేసే పని అది కాదు. పెద్ద ఫైలులో ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం, ఇంకెక్కడో కొంచెం చదువుతుంది. ఒక పెద్ద నిఘంటువులో వరసగా పేజీలు తిప్పడానికీ, పేజీకో మాట చొప్పున వెతుక్కోవడానికీ ఉన్న తేడా ఇది. ఈ రెండో రకం వేగాన్ని చెప్పేది కార్డు మీద ఉండే ఎ1, ఎ2 గుర్తులు. ఎ1 కార్డు సెకనుకి కనీసం 1,500 సార్లు అలా చదవగలగాలి, ఎ2 కార్డు 4,000 సార్లు. ఎ2 పూర్తి వేగం రావాలంటే ఫోన్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి, కాబట్టి మ్యాపుల కోసం కొనేటప్పుడు మంచి ఎ1 కార్డు అయినా సరిపోతుంది. ఏ గుర్తూ లేని పాత కార్డు మాత్రం వద్దు. నకిలీ కార్డులు కూడా ఎక్కువే ఉన్నాయి, వాటిలో ఫైళ్లు పాడైపోతే ఆ చోట మ్యాప్ ఖాళీగా కనిపిస్తుంది.

ఇంకా మంచిది, రోజూ వాడే ప్రాంతం మ్యాప్‌ని ఫోన్ సొంత స్టోరేజ్‌లో పెట్టుకుని, ఎప్పుడో వాడేవి కార్డులో ఉంచడం. గూగుల్ మ్యాప్స్‌లో, ఓస్మాండ్‌లో మ్యాపులు ఎక్కడ దాచాలో ఎంచుకునే సెట్టింగ్ ఉంటుంది. ఓస్మాండ్‌లో ఆ జాబితాలో యాప్ సొంత ఫోల్డర్ అని ఉన్నదాన్నే ఎంచుకోండి. ఆండ్రాయిడ్ 11 నుంచి అన్ని యాపులకీ ఉమ్మడిగా ఉండే స్టోరేజ్‌లో ఫైలు చదవాలంటే మధ్యలో ఫ్యూజ్ అనే ఒక పొర దాటి వెళ్లాలి, చిన్న చిన్న ముక్కలు ఎక్కువసార్లు చదివే పనికి అది అదనపు ఆలస్యం. సొంత ఫోల్డర్‌కి ఆ బాధ తక్కువ. అయితే యాప్ తీసేస్తే ఆ ఫోల్డర్ కూడా పోతుంది, గుర్తుంచుకోండి.

ఫోన్ స్టోరేజ్ పూర్తిగా నిండిపోయి ఉన్నా ఇదే తంతు. మొత్తంలో పదో వంతు అయినా ఖాళీగా ఉంచండి. నిండిపోయిన ఫోన్‌లో మ్యాప్ ఒక్కటే కాదు, అన్నీ ఈడుస్తూనే నడుస్తాయి.

మ్యాపులు ఒకదాని మీద ఒకటి పడటం అనేది చాలామంది పట్టించుకోని కారణం. దేశం మొత్తం మ్యాప్ ఒకటి, అందులోని రాష్ట్రం మ్యాప్ విడిగా ఒకటి దింపుకుంటే ఒకే రోడ్డు రెండు ఫైళ్లలో ఉంటుంది. యాప్ రెండూ తెరిచి, రెండూ చదివి, ఒకటి వదిలేయాలి. ఓస్మాండ్ వాడేవాళ్లలో ఇది ఎక్కువ చూస్తాం, ఎందుకంటే అందులో ఏ ఫైలు కావాలంటే అది దింపుకునే స్వేచ్ఛ ఉంది. మీరు తిరిగే రాష్ట్రం లేదా ప్రాంతం ఫైలు ఉంచుకుని పెద్దది తీసేయండి. గంటగంటకీ వచ్చే లైవ్ అప్‌డేట్లు పెట్టుకుని ఉంటే అవి కూడా చిన్న చిన్న ఫైళ్లుగా పేరుకుంటాయి, నెలవారీ మ్యాప్ కొత్తది దింపుకున్నాక పాత లైవ్ ముక్కలు తీసేయండి. దారి చూసుకోవడం తప్ప ఇంకేమీ అక్కర్లేదు అనుకుంటే అదే యాప్‌లో రోడ్లు మాత్రమే ఉండే మ్యాపులు కూడా దొరుకుతాయి. ఇళ్లు, దుకాణాలు ఉండవు కాబట్టి చాలా తేలిక. తక్కువ ర్యామ్ ఉన్న పాత ఫోన్‌తో బండి నడిపేవాళ్లకి నా సలహా అదే.

బొమ్మల మ్యాప్ వాడేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. ఒక్కో జూమ్ మెట్టు పెరిగితే బొమ్మల సంఖ్య నాలుగింతలవుతుంది. 12వ మెట్టులో వంద బొమ్మలతో సరిపోయే ప్రాంతానికి 16వ మెట్టులో 25,600 కావాలి. ఇవి విడివిడి ఫైళ్లుగా ఫోల్డర్లలో ఉంటే స్టోరేజ్‌కి పెద్ద బరువు, గ్యాలరీలో కూడా ఫోటోల మధ్య ఇవే వచ్చి పడతాయి. అన్నీ కలిపి ఒకే ఎస్‌క్యూలైట్ (డేటాబేస్) ఫైలుగా, అంటే బొమ్మలన్నిటినీ ఒక్క ఫైలులో సర్దే ఎంబీటైల్స్ లాంటి రూపంలో ఉంచుకుంటే వేగం బాగుంటుంది. కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, దానికోసం ఎక్స్‌ఫ్యాట్ కావాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల సర్వర్ నుంచి ఇలా మూకుమ్మడిగా బొమ్మలు దింపుకోవడానికి వాళ్ల నియమాలు ఒప్పుకోవు. అది విరాళాల మీద నడిచే సేవ, దాన్ని కాపాడుకుందాం.

రూట్, వెతుకులాట

దగ్గరి రూట్ వెంటనే వచ్చి, దూరం రూట్ రాకపోతే అది సహజమే. ఆన్‌లైన్‌లో ఆ లెక్కను పెద్ద సర్వర్లు చేస్తాయి, ఇక్కడ మీ ఫోన్ ఒక్కటే వేల కూడళ్లను తూచి చూడాలి. వందల కిలోమీటర్ల దారిని ఒకేసారి అడగకుండా మధ్యలో మీరు ఎలాగూ దాటే ఊళ్లను ఆగే చోట్లుగా పెట్టండి, లెక్క ముక్కలవుతుంది, త్వరగా వస్తుంది. ఓస్మాండ్ కొత్త వెర్షన్లలో దూరపు దారులకి చాలా వేగంగా లెక్కేసే పద్ధతి వచ్చింది కాబట్టి యాప్ పాతదైతే అప్‌డేట్ చేయండి, దారిలో పడే ప్రాంతాల మ్యాపులన్నీ ఒకే నెలవి ఉండేలా చూసుకోండి. ఒకటి కొత్తది, ఒకటి ఏడాది కిందటిది అయితే సరిహద్దు దగ్గర తేడాలొస్తాయి. మధ్యలో ఒక ప్రాంతం మ్యాప్ లేకపోతే చుట్టూ తిప్పి చూపించొచ్చు, అసలు రూట్ దొరకలేదనొచ్చు.

వెతుకులాటకి ఒకటే మాట. ముందు ఊరు ఎంచుకుని తర్వాత వీధి కొట్టండి. ఊరు చెప్పకుండా మామూలు పేరు కొడితే యాప్ ఉన్న మ్యాపులన్నీ గాలిస్తుంది.

వేడి, బ్యాటరీ, ర్యామ్

బయల్దేరినప్పుడు బాగుండి, ఒక అరగంటకి ఈడవడం మొదలుపెడితే ఫోన్‌ని చేత్తో తాకి చూడండి. డ్యాష్‌బోర్డు మీద ఎండ, ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్, పైగా ఛార్జింగ్, ఈ నాలుగూ కలిస్తే ఏ ఫోనైనా కాగిపోతుంది. కాగితే తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. ఐఫోన్లు 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడటానికి తయారైనవని యాపిల్ చెబుతుంది, ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. ఫోన్‌ని ఏసీ గాలి తగిలే చోట బిగించండి, మందమైన కవర్ తీయండి, వైర్‌లెస్ ఛార్జింగ్ బదులు వైర్ వాడండి. బ్రైట్‌నెస్ కొంచెం తగ్గించినా ఉపయోగమే. ఇవన్నీ బండి ఆపి చేయండి, నడుపుతూ మ్యాప్ సెట్టింగ్స్‌లో చెయ్యి పెట్టడం మాత్రం వద్దు.

బ్యాటరీ సేవర్, ఐఫోన్‌లో లో పవర్ మోడ్ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. అవి ప్రాసెసర్‌ని నెమ్మదింపజేస్తాయి, కొన్ని ఫోన్లలో స్క్రీన్ ఆరిపోగానే లొకేషన్ కూడా ఆపేస్తాయి. దారి రికార్డు అవుతూ మధ్యమధ్యలో తెగిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. మ్యాప్ యాప్ ఒక్కదానికి బ్యాటరీ ఆంక్షలు లేకుండా సెట్ చేస్తే సరిపోతుంది. ఛార్జ్ గురించి బెంగ ఉంటే పవర్ బ్యాంక్ వెంట పెట్టుకోండి.

ర్యామ్ తక్కువ ఉన్న ఫోన్లలో ఇంకోలా ఉంటుంది. మ్యాప్ తెరిచి, ఒక మెసేజ్ చూసి తిరిగి వచ్చేసరికి మ్యాప్ మొదటి నుంచి తెరుచుకుంటుంది. యాప్ స్లో కాదు, మీరు అటు వెళ్లగానే ఫోన్ దాన్ని మూసేసింది. పాటలు, వీడియోలు, బ్రౌజర్ మూసేసి బయల్దేరితే చాలావరకు తగ్గుతుంది.

తీసేయక తప్పకపోతే

ఇవన్నీ చూశాక కూడా మారకపోతే మ్యాప్ ఫైలు పాడై ఉండొచ్చు. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ తెగినప్పుడు అలా జరుగుతుంది. యాప్ మొత్తం కాదు, ఆ ఒక్క ప్రాంతం మ్యాప్ తీసేసి వైఫైలో మళ్లీ దింపండి. ఆ తర్వాత కాష్ క్లియర్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ఇక్కడ జాగ్రత్త, కాష్ క్లియర్ చేయడం, స్టోరేజ్ క్లియర్ చేయడం పక్కపక్కనే ఉంటాయి. మొదటిది నొక్కితే నష్టం లేదు, రెండోది నొక్కితే మ్యాపులు, సేవ్ చేసినవి అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

చివరికి యాప్ తీసేయాల్సే వస్తే ముందు మీ చోట్లు, దారులు బయటికి తీసుకోండి. ఆర్గానిక్ మ్యాప్స్‌లో బుక్‌మార్కుల జాబితాని కేఎంఎల్ లేదా జీపీఎక్స్ ఫైలుగా (చోట్లు, దారులు దాచే ఫైలు రకాలు ఇవి) పంపుకోవచ్చు, ఓస్మాండ్‌లో సెట్టింగ్స్‌తో సహా అన్నీ ఒకే ఫైలుగా బ్యాకప్ తీసుకునే వీలుంది. ఆ ఫైలుని యాప్ ఫోల్డర్‌లో కాకుండా ఇంకెక్కడైనా, వీలైతే వేరే ఫోన్‌లోనో మెయిల్‌లోనో పెట్టండి. మళ్లీ ఎక్కించాక మ్యాపులు దింపి, ఫైలు లోపలికి తెచ్చుకుని, ఒకసారి యాప్ తెరిచి కాసేపు అలా వదిలేయండి. కొత్త ఫైళ్ల సూచికలు చదువుకోవడానికి మొదటిసారి కొంత సమయం తీసుకుంటుంది, ఆ మొదటి నిమిషాలు చూసి మళ్లీ స్లోగానే ఉందని అనుకోకండి. తర్వాత ఫ్లైట్ మోడ్ వేసి, మీరు నిజంగా వెళ్లబోయే దారినే అడిగి చూడండి. ఆ పని వైఫై ఉన్న చోట, బయల్దేరే ముందు రోజే చేస్తే, ఏదైనా తగ్గినా దింపుకోవడానికి రాత్రంతా ఉంటుంది.